అద్దె ఇంటి తనిఖీలో నష్టం బయటపడితే

అద్దెకిచ్చిన ఇంట్లో కనిపించే ప్రతి మరకా, ప్రతి పగులూ అద్దెదారు చేసిన నష్టం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇల్లు దానంతటదే పాతబడుతుంది. నలుగురు మామూలుగా కాపురం చేసినా కొంత అరుగుతుంది. కట్టడంలోనే లోపం ఉంటే ఎవరూ ముట్టుకోకుండానే గోడ పెచ్చులూడుతుంది. వీటన్నిటినీ పక్కన పెట్టాక మిగిలేదే అద్దెదారు భరించాల్సిన నష్టం. తనిఖీకి వెళ్లిన యజమాని మొదట చేయాల్సింది ఈ వేరుచేసే పనే. బాగు చేయించడానికి ఎంతవుతుంది, అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలి అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఇల్లు ఖాళీ చేసే రోజున జరిగే గొడవల్లో చాలావరకు ఈ వరుస తారుమారు కావడం వల్లే పుడతాయి. ముందు అంకె చెప్పేస్తారు, కారణాలు తర్వాత వెతుకుతారు.

చట్టం ఈ విషయంలో పాతదే అయినా స్పష్టంగా ఉంది. యజమానికీ అద్దెదారుకూ ఉన్న హక్కులూ బాధ్యతలూ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉన్నాయి. ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే, ఇల్లు చేతికొచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉంచి, ఖాళీ చేసేటప్పుడు అలాగే అప్పగించాలని ఆ సెక్షన్‌లోని ‘ఎం’ క్లాజు అంటుంది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ, మనిషి ఆపలేని విపత్తుల వల్ల వచ్చే మార్పులకూ మినహాయింపు ఉంది. సమంజసమైన వేళల్లో యజమాని గానీ, వారి తరఫు మనిషి గానీ వచ్చి ఇల్లు చూసుకోవడానికి అద్దెదారు ఒప్పుకోవాలి. లోపం కనిపిస్తే యజమాని నోటీసు ఇవ్వవచ్చు. ఆ లోపం అద్దెదారు వల్లో, వారి దగ్గర పని చేసేవారి వల్లో వచ్చినదైతే నోటీసు అందాక మూడు నెలల్లోగా సరిచేయించాలి.

తనిఖీ చేసే హక్కు, నోటీసు, మరమ్మతుకు గడువు, మూడూ ఆ ఒక్క క్లాజులోనే ఉన్నాయి. చాలామంది యజమానులు వీటిని పట్టించుకోకుండా, ఖాళీ చేసే రోజున అడ్వాన్సు కోయడం తప్ప తమకు దారి లేదనుకుంటారు. ఇంట్లో మనుషులు ఉండగానే చూసి, చెప్పి, బాగు చేయించుకోవడమే ఇద్దరికీ తక్కువ ఖర్చుతో తేలే దారి. కారుతున్న కుళాయి ఇవాళ వాషరుతో పోతుంది. రెండేళ్లు వదిలేస్తే గోడకు చెమ్మ పట్టి, కింది పోర్షను వాళ్ల సీలింగు దాకా వెళుతుంది.

తనిఖీ రోజున

ఇల్లు ఇచ్చిన రోజున ఎలా ఉందో చూపించలేని యజమాని ఇప్పుడెలా ఉందో చూపించి పెద్దగా ప్రయోజనం ఉండదు. నష్టం అద్దెదారు వల్లే వచ్చిందని నిరూపించాల్సింది పరిహారం అడిగేవారే. అగ్రిమెంటు చివర సామాన్ల జాబితా పెట్టడం మన దగ్గర మామూలే: ఫ్యాన్లు అయిదు, గీజర్లు రెండు, చిమ్నీ ఒకటి అంటూ. అది లెక్కకు పనికొస్తుంది గానీ ఆ వస్తువుల స్థితిని చెప్పదు. ఫ్యాన్ ఉందా లేదా అన్నదానిపై ఎవరూ పోట్లాడుకోరు. రెక్క ఎప్పుడు వంగింది, గచ్చు మీద పగులు ముందే ఉందా అన్నవాటి మీదే పోట్లాట. అందుకే తాళాలు ఇచ్చే రోజున ఇద్దరూ కలిసి గది గదికీ తిరిగి వీడియో తీసి, అప్పటికే ఉన్న లోపాలను కాగితం మీద రాసి సంతకాలు చేసుకోవడం అన్నిటికన్నా విలువైన ముందుజాగ్రత్త. ఆ రోజు ఆ పని చేయకపోతే మొదటి తనిఖీలోనైనా చేయాలి. ఆ తేదీ నుంచి వచ్చే మార్పులకైనా అది ఆధారంగా నిలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలా ఇళ్లకు సరిపోతుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ సందేశం లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో తెలపాలని చెబుతుంది. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని కూడా చెబుతుంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే ఈ నమూనా అమలవుతుంది. అయినా ఆ పద్ధతిని ఎక్కడైనా పాటించవచ్చు, పాటించాలి కూడా. అద్దెకిచ్చాక ఆ ఇల్లు వేరొకరి సంసారం. అద్దెదారు ఊళ్లో లేనప్పుడు డూప్లికేట్ తాళంతో లోపలికి వెళ్లి ఫొటోలు తీసుకురావడం ఎంత చిన్న పనిగా కనిపించినా తప్పే. ఆ తర్వాత దొరికిన నష్టం ఎంత నిజమైనదైనా సంభాషణ దాని మీద సాగదు, దొంగచాటుగా ఎందుకొచ్చారన్న దాని మీదే సాగుతుంది.

ఇళ్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, యజమానులు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే సందర్భాలు తెలుగువారికి చాలా ఎక్కువ. యజమాని తరఫు మనిషి కూడా తనిఖీ చేయవచ్చని చట్టమే చెబుతుంది కాబట్టి తమ్ముడో, పక్కింటివారో, ఇళ్లు చూసే ఏజెంటో వెళ్లవచ్చు. వెళ్లేవారెవరో అద్దెదారుకు ముందుగా రాసి చెప్పాలి. వెళ్లినవారు చూసి రావడం వరకే చేయాలి. డబ్బు మాట యజమానే మాట్లాడాలి. మధ్యవారి నోటి నుంచి వచ్చిన అంకె ఇద్దరినీ ఇరకాటంలో పెడుతుంది.

నష్టం కంటపడగానే అక్కడే నిలదీయడం వల్ల ఒరిగేదేమీ లేదు. “ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందండీ?” అని మామూలుగా అడిగితే వచ్చే జవాబుతో సగం విషయం తెలుస్తుంది. “మేం వచ్చినప్పటి నుంచీ ఉంది” అంటే మొదటి రోజు వీడియోతో సరిచూడవచ్చు. “మొన్న వర్షాలకు వచ్చింది” అంటే పైకప్పు చూడాలి. “పోయినేడే మీకు మెసేజ్ పెట్టాం” అంటే యజమాని తన ఫోన్ చూసుకోవాలి. చెప్పినా పట్టించుకోని మరమ్మతు వల్ల పెరిగిన నష్టాన్ని అద్దెదారు మీద వేయడం న్యాయం కాదు. యజమాని చేయించాల్సిన మరమ్మతును, తెలియజేసినా సమంజసమైన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని అదే 108వ సెక్షన్ ‘ఎఫ్’ క్లాజులో ఉంది.

ఫొటో తీసేటప్పుడు మొదట గది మొత్తం కనిపించేలా ఒకటి, తర్వాత నష్టం దగ్గరగా కనిపించేలా మరొకటి తీయాలి. దగ్గరి ఫొటోలో టేపు గానీ స్కేలు గానీ ఆనించి పెడితే పగులు పొడవు ఎంతో వాదన ఉండదు. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ఇంటి గోడో కూడా చెప్పలేం. ఫోన్‌లోని అసలు ఫైలును చెరపకుండా దాచాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో నాణ్యత తగ్గడమే కాక, ఎప్పుడు తీశారన్న వివరం కూడా పోతుంది. వ్యవహారం కోర్టు దాకా వెళ్లే పక్షంలో ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారాలకు ధ్రువపత్రం జతచేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్‌లో ఈ నియమం ఉంది.

అరుగుదల ఏది, నష్టం ఏది

వెలిసిన రంగు, సోఫా ఆనిన చోట గోడ మీద పడిన నల్లటి గీత, నాలుగైదు మేకులు, తోరణం కట్టడానికి గుమ్మానికి కొట్టిన రెండు చీలలు కాపురం చేసిన గుర్తులే. వాటికి లప్పం పెట్టి రంగు వేయించడం యజమాని పని. గోడ నిండా పిల్లలు స్కెచ్ పెన్నులతో గీసిన బొమ్మలు, టీవీ స్టాండు పీకినప్పుడు ఊడి వచ్చిన ప్లాస్టరు, అడగకుండా డ్రిల్ చేయడం వల్ల చీలిన బాత్రూం టైలు అలాంటివి కావు. పెంపుడు కుక్క తలుపు అడుగున గోళ్లతో చెక్కేసిన గీరలూ అంతే. ఈ తేడా చాలాచోట్ల చూడగానే తెలిసిపోతుంది. కష్టమంతా నీటితో వచ్చే నష్టాల దగ్గరే.

వంటింట్లో సింకు కింది అర తలుపు తీస్తే, ప్లైవుడ్ అడుగు బల్ల ఉబ్బి, పైన అంటించిన లామినేట్ షీటు లేచి ఉండటం తరచూ కనిపించే దృశ్యం. మొత్తం అర మార్చాలంటే ఖర్చు బాగానే అవుతుంది. అందుకే ఇక్కడే గొడవ. ఉబ్బు ఎక్కడ మొదలైందో చూడాలి. వెనక గోడ వైపు ఎక్కువగా ఉబ్బి, పైపు నట్టు చుట్టూ తెల్లటి ఉప్పు వలయం కట్టి ఉంటే, జాయింటు దగ్గర నీరు చాలాకాలంగా చుక్క చుక్కగా కారుతున్నట్టు. ముందు అంచు మాత్రమే పాడైతే గట్టు మీద నుంచి నీళ్లు రోజూ కారుతున్నా తుడవకుండా వదిలేసినట్టు. రెండోది అద్దెదారు అజాగ్రత్తే. మొదటిది అంత తేలిక కాదు. జాయింటు పాతబడటం ఎవరి తప్పూ కాదు. కానీ ఆ అర తలుపు రోజూ తీసేది ఇంట్లో ఉండేవారే. తడి చూసి నెలల తరబడి చెప్పకపోతే, పెరిగిన నష్టంలో వారికీ భాగం ఉంటుంది. పైపు ఖర్చు యజమాని పెట్టుకుని, అర ఖర్చు ఇద్దరూ పంచుకోవడం ఇలాంటి చోట సబబైన పరిష్కారం.

గోడకు చెమ్మ, బూజు పట్టినప్పుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. జానెడు పాలిథిన్ ముక్కను నాలుగువైపులా గాలి చొరకుండా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచాలి. తీసి చూసినప్పుడు గోడ వైపు నీటి బిందువులుంటే తేమ గోడలో నుంచే వస్తోంది. లోపలి పైపో, స్లాబో, పైవాళ్ల బాత్రూమో కారణం. ఆ బాధ్యత యజమానిది, ఒక్కోసారి అపార్ట్‌మెంట్ సంఘానిది. గది వైపు తడి కనిపిస్తే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువ. కిటికీలు ఎప్పుడూ మూసి ఉంచడం, తడి బట్టలు గదిలోనే ఆరేయడం వల్ల అలా అవుతుంది. అయితే కిటికీయే లేని బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించకుండా బూజు పట్టిందని అద్దెదారును అడగడం కుదరదు.

బోరు నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని చాలా కాలనీల్లో బోరు నీళ్లు గట్టివి. కుళాయిల మీద తెల్లటి పొర, షవరు రంధ్రాలు మూసుకుపోవడం, గీజరులో కాయిల్ చుట్టూ ఉప్పు పేరుకుని కాలిపోవడం ఆ నీటి లక్షణం వల్ల వచ్చేవే. కుళాయిల అందం పోయిందని అద్దెదారు దగ్గర డబ్బు తీసుకోవడం తప్పు. కానీ ఆ ఉప్పు మరకలు వదిలించడానికి యాసిడ్ పోస్తే లెక్క మారుతుంది. పాలరాయి సున్నపు జాతి రాయి. తెలుగు ఇళ్లలో ఎక్కువగా వాడే తాండూరు బండలు, కడప బండలు కూడా సున్నపురాయే. యాసిడ్ పడిన చోట వాటి మెరుపు పోయి, తెల్లగా గరుగ్గా తయారవుతాయి. టైల్స్ మధ్య నింపిన వైట్ సిమెంటు కూడా కరిగి, ఆ సందుల్లోంచి నీరు దిగి కింది ఇంటి సీలింగు మీద తేలుతుంది. పని చేయడానికి వచ్చే ఆవిడ చేతుల మీదుగా జరిగినా, చట్టం దృష్టిలో అది అద్దెదారు బాధ్యతే. ఇల్లు ఇచ్చేటప్పుడే “గచ్చుకు యాసిడ్ వాడకండి” అని ఒక మాట చెప్పి అగ్రిమెంటులో రాయిస్తే ఈ నష్టం చాలావరకు రాదు.

కరెంటు, గ్యాసు దగ్గర మాత్రం తప్పు ఎవరిదన్న చర్చ వాయిదా వేయాలి. కాలిన ప్లగ్గు, కరిగిన స్విచ్చు, ముట్టుకుంటే షాక్ కొట్టే గీజరు కనిపించినా, గ్యాస్ వాసన వచ్చినా ఆ రోజే వాడకం ఆపించి, మనిషిని పిలిపించి బాగు చేయించాలి. ఖర్చు ఎవరిదన్నది వారం తర్వాత తేల్చుకోవచ్చు. రెండు హీటర్లు ఒకే సాకెట్‌కు తగిలించి కాల్చేసి ఉంటే అది అద్దెదారు ఖాతా. ఎర్తింగ్ సరిగా లేకపోవడం, పాత వైరింగు యజమాని ఖాతా. వచ్చిన ఎలక్ట్రీషియన్ చేత కారణం ఏమిటో ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవడం మంచిది.

అనుమతి లేకుండా చేసిన మార్పులు మరో కోవకు చెందినవి. దుకాణం కోసం గోడ తొలగించడం, డాబా మీద రేకుల షెడ్డు వేయడం, బాల్కనీ మూసేసి గది చేసుకోవడం ఇల్లు పాడుచేయడం కాదనిపించవచ్చు, బాగుపడిందని కూడా అనిపించవచ్చు. యజమాని అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదని 108వ సెక్షన్ ‘పి’ క్లాజులో ఉంది. ఇంటికి శాశ్వత హాని కలిగించే పనులు చేయరాదని ‘ఓ’ క్లాజులో ఉంది. ఇలాంటివి కంటపడినప్పుడు మౌనంగా ఊరుకుంటే, ఒప్పుకున్నారన్న వాదన తర్వాత ఎదురవుతుంది. అదే వారంలో అభ్యంతరం రాతలో తెలపాలి.

ఎవరి పని ఏదన్నది ఒప్పందంలో లేకపోతే నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలు మంచి కొలబద్ద. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, అవసరమైనప్పుడు నీటి పైపులు మార్చడం, వైరింగు అందులో యజమాని భాగం. అద్దెదారు వల్ల అవసరమైన కట్టడం మరమ్మతులు మాత్రం అందులోకి రావు. కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, సింకు, గీజరు, స్విచ్చుల మరమ్మతు, తలుపుల గడియలూ తాళాలూ, పగిలిన కిటికీ అద్దాలు, దోమతెరలు అద్దెదారు భాగం.

ఖర్చు లెక్క

నష్టం అద్దెదారుదేనని తేలాక కూడా, కొత్త వస్తువు ధర మొత్తం వారి మీద వేయడం సరైన లెక్క కాదు. యజమానికి దక్కాల్సింది పోయిన దాని విలువ. పాతది పోయినచోట కొత్తది వస్తే ఆ తేడా యజమానికి లాభమవుతుంది. అందుకని మూడు సంగతులు తెలియాలి: ఆ వస్తువు సాధారణంగా ఎన్నేళ్లు పనిచేస్తుంది, అప్పటికి ఎన్నేళ్లయింది, ఇప్పుడు మార్చడానికి ఎంతవుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పడగ్గదికి రంగు వేసి నాలుగేళ్లయింది. రంగు అయిదేళ్లు ఉంటుందని అనుకుందాం. పిల్లల గీతల వల్ల మళ్లీ వేయించడానికి రూ.10,000 అవుతుంది. మిగిలిన ఆయుష్షు అయిదింట ఒక వంతే కనుక అద్దెదారు ఇవ్వాల్సింది రూ.2,000. అదే రంగు ఇల్లు ఇచ్చే నెలలో వేయించి ఉండి, ఏడాదిలోనే పాడైతే రూ.8,000. తలుపుకు రంధ్రం పడి మార్చడానికి రూ.6,000 అవుతుందనీ, ఇరవై ఏళ్లు ఉండాల్సిన ఆ తలుపుకు పదేళ్లు నిండాయనీ అనుకుంటే సగం, అంటే రూ.3,000. అంకెలు మారవచ్చు, పద్ధతి మాత్రం మారకూడదు.

ఒక టైలు చీలితే గదంతా టైల్స్ మార్పించే ఖర్చు అడగడం కూడా ఇలాంటి పొరపాటే. అదే రకం టైలు దొరికితే ఆ ఒక్కదానికీ కూలికీ ఎంతయితే అంతే. తర్వాత అలాంటిది బజారులో దొరకకపోవచ్చు కాబట్టే, ఇల్లు కట్టించేటప్పుడు మిగిలిన టైల్స్ ఒక పెట్టె అటక మీద దాచిపెట్టుకోవాలి.

ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో, తెలుగువారు ఎక్కువగా ఉండే బెంగళూరులో పాతుకుపోయిన ఆనవాయితీ. అగ్రిమెంటులో ముందే రాసి ఉంటే దాన్ని పాటించాల్సిందే. కానీ రంగుల పేరు మీద నెల అద్దె పట్టుకున్నాక, గోడ మరకలకని విడిగా మళ్లీ కోయడం ఒకే పనికి రెండుసార్లు వసూలు చేయడమే. అగ్రిమెంటులో “నష్టం జరిగితే లక్ష రూపాయలు” అని రాసి ఉన్నా, ఆ లక్షా దానంతటదే రాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. అడ్వాన్సు అద్దెదారు సొమ్ము, యజమాని దగ్గర భద్రంగా ఉంచినది. నమూనా చట్టం నివాస గృహాలకు దాన్ని రెండు నెలల అద్దెకు మించకుండా పరిమితం చేసింది.

ఖర్చు అంచనాకు ఒకరు కాక ఇద్దరు మేస్త్రీలతో లెక్క వేయించడం మంచిది. తమకు తెలిసిన మనిషితో బాగు చేయించుకుంటామని అద్దెదారు అంటే, పని నాణ్యత చూసుకునే షరతు మీద ఒప్పుకోవడమే మేలు. కరెంటు, గ్యాసు, పైకప్పు పనులను మాత్రం యజమాని తన చేతిలోనే ఉంచుకోవాలి. పన్ను సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. అద్దె ఆదాయం మీద పన్ను కట్టేటప్పుడు, మునిసిపల్ పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం ప్రామాణిక తగ్గింపుగా వస్తుంది. మరమ్మతులకు నిజంగా ఎంత ఖర్చయినా విడిగా మరో మినహాయింపు రాదు.

మాట, నోటీసు, రసీదు

తనిఖీ అయిన రెండు మూడు రోజుల్లో చూసినదాన్ని రాసి పంపాలి. అందులో కోపం ఉండకూడదు. తేదీ, గది, నష్టం, కోరుతున్నది, గడువు ఉండాలి. ఇలా ఉంటే చాలు: “అండీ, ఆదివారం మీ సమక్షంలో ఇల్లు చూశాం. హాల్లో బాల్కనీ తలుపు అద్దం పగిలి ఉంది, ఫొటో జతచేశాను. ఇల్లు ఇచ్చిన రోజు వీడియోలో అది బాగానే ఉంది. నెల రోజుల్లో మార్పించగలరు. మీరే చేయించినా సరే, నేను చేయించి బిల్లు పంపినా సరే, మీ వీలు చెప్పండి. ఇందులో ఏమైనా పొరపాటుంటే తెలపండి.” చివరి వాక్యం మర్యాద కోసం మాత్రమే కాదు. అవతలివారు చెప్పేది వినడానికి యజమాని సిద్ధంగా ఉన్నారనడానికి అదే ఆధారం. జవాబు రాకపోతే ఇంకోసారి రాసి, అప్పటికీ రాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి.

తొందరలో కొందరు చేసే పనులు యజమాని పక్షాన్నే దెబ్బతీస్తాయి. నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం, గేటుకు తాళం వేయడం, సామాను పట్టుకోవడం ఏ నష్టానికీ చట్టబద్ధమైన జవాబు కావు. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొట్టినవారిపై, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి అద్దెదారు ఇంటిని తిరిగి పొందవచ్చు. నష్టానికి బదులుగా అద్దె ఆపేయడం, అడ్వాన్సులో చెల్లేసుకోమనడం అద్దెదారు వైపు నుంచి అంతే తప్పు. పోలీసు స్టేషను కూడా ఈ వ్యవహారాలకు వేదిక కాదు. కావాలని ఇల్లు ధ్వంసం చేసిన అరుదైన సందర్భాల్లోనే అది క్రిమినల్ విషయమవుతుంది. అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం సివిల్ తగాదా.

ఖాళీ చేసే రోజున మళ్లీ ఇద్దరూ కలిసి తిరిగి, మొదటి రోజు కాగితం పక్కన పెట్టుకుని సరిచూడాలి. సామాను ఎత్తేశాక, గదులు ఊడ్చాక చూడటం మంచిది. సోఫా వెనక, బీరువా కింద దాగినవి అప్పుడే కనిపిస్తాయి. తాళాలు అందాక ఒక లెక్క కాగితం రాయాలి: అడ్వాన్సు ఇంత, కరెంటు బిల్లు ఇంత, ఫలానా నష్టానికి ఇంత, తిరిగి ఇచ్చేది ఇంత. బిల్లులు జతచేసి, మిగతా సొమ్ము బ్యాంకు ద్వారా ఇచ్చి, ఇరువైపులా ఇక బాకీలు లేవని సంతకాలు తీసుకోవాలి. అంచనా తేలకపోతే, తేలిన భాగాన్ని అదే రోజు తిరిగి ఇచ్చేసి, తగాదాలో ఉన్న మొత్తాన్ని మాత్రమే పట్టుకోవడం యజమాని నిజాయితీకి మంచి గుర్తు. ఈ ఒక్క పనితో చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి.

నష్టం అడ్వాన్సును మించినా, లెక్కలో ఏకీభావం కుదరకపోయినా మొదట వెళ్లాల్సింది జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం ప్రకారం కోర్టులో దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడ కుదిరిన అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. నమూనా చట్టాన్ని అనుసరించిన రాష్ట్రాల్లో అద్దె అథారిటీ, అద్దె కోర్టు ఉంటాయి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద, ఇంటి విలువనో ఉపయోగాన్నో గణనీయంగా తగ్గించేంత నష్టం చేసిన అద్దెదారును ఖాళీ చేయించమని రెంట్ కంట్రోలర్‌ను అడగవచ్చు. అయితే 2005 సవరణ తర్వాత మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు రూ.3,500, ఇతర చోట్ల రూ.2,000 దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. నేటి అద్దెల్లో దాదాపు అన్నీ ఆ పరిమితి దాటినవే కనుక, ఇలాంటి తగాదాలు మామూలు సివిల్ కోర్టుకే వెళతాయి. పది పదిహేను వేల రూపాయల కోసం అక్కడికి వెళ్లడం లాభసాటి కాదు. ఇంటికి పెద్ద హాని జరిగినప్పుడు మాత్రం వెనకాడకూడదు, ఆలస్యమూ చేయకూడదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం నష్టపరిహారం కోసం యజమాని వేసే దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు. అడ్వాన్సు రాబట్టుకోవడానికి అద్దెదారు వేసే దావాకూ అంతే.